1930లలో క్యూబా రాజధాని హవానా బార్లలో డైకిరీ, అంటే రమ్ము, నిమ్మరసం, పంచదార కలిపిన కాక్‌టెయిల్, ఎలా చేసేవారు? ఆ ఊరికి అంత పేరెలా వచ్చింది?

పేరుకు పెద్ద కారణం పక్కదేశమే. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. ఫ్లోరిడా కొస నుంచి హవానా నూట యాభై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. ఓడ దిగినవాళ్లు దిగినట్టే బార్లలో దూరేవారు. అక్కడి బార్‌టెండర్లు 1924లోనే సొంత సంఘం పెట్టుకున్నారు. ఎల్ ఫ్లోరిదితా బార్‌ది మాత్రం వేరే స్థాయి. దాన్ని నడిపింది కాన్‌స్టాంటినో రిబాలైగువా, స్పెయిన్‌లోని కాటలోనియా నుంచి వచ్చినవాడు.

మామూలు డైకిరీకి తెల్ల రమ్ 60 మి.లీ., అప్పుడే పిండిన నిమ్మరసం 20 మి.లీ., మెత్తటి పంచదార రెండు చిన్న చెంచాలు. ముందు పంచదారను నిమ్మరసంలో పూర్తిగా కరిగించాలి. రమ్ముతో కలిపేస్తే సరిగా కరగదు, గ్లాసు అడుగున పలుకులు మిగిలిపోతాయి. తర్వాత రమ్ము, గట్టి ఐసు ముక్కలు వేసి పది పన్నెండు సెకన్లు బలంగా కుదిపి, చల్లటి గ్లాసులోకి వడకట్టాలి.

ఫ్లోరిదితా ప్రత్యేకత మెషీన్‌లో తిప్పిన మంచు డైకిరీ. అందులో పంచదారతో పాటు ఒక చెంచా మరాస్కినో, అంటే చెర్రీ పళ్లతో చేసే తియ్యటి మద్యం, పడుతుంది. ఐసు ముందే సన్నగా నలగ్గొట్టి ఉండాలి. కరగడం మొదలైన తడి ఐసు వాడితే మంచులా నిలవదు, పల్చటి నిమ్మనీళ్లవుతుంది. చలికి నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి పులుపు, తీపి కొంచెం ముందే సరిచూసుకోవాలి. అమెరికన్ రచయిత హెమింగ్వే మాత్రం పంచదార వద్దని, రమ్ము రెట్టింపు పోయించుకునేవాడు. అది అందరికీ పడే రుచి కాదు!