‘బారో’, ‘లెండ్’ రెండూ అప్పేగా, తేడా ఏమిటి?

అప్పే, కానీ ఎవరు చేస్తున్నారన్నది వేరు. పుచ్చుకునేవాళ్లు చేసేది బారో, ఇచ్చేవాళ్లు చేసేది లెండ్. తెలుగులో ‘అప్పు’ పక్కన ‘తీసుకో’, ‘ఇవ్వు’ తగిలిస్తే సరిపోతుంది కాబట్టి మనకి ఇక్కడ తడబాటు సహజం. ‘బారో మీ యువర్ పెన్’ తప్పు. ‘లెండ్ మీ యువర్ పెన్’ అనాలి, లేదా ‘కెన్ ఐ బారో యువర్ పెన్?’ అని అడగాలి. నా మటుకు రెండోదే మర్యాదగా వినిపిస్తుంది.

ఎవరి దగ్గర్నుంచి అన్నది చెప్పాలంటే బారోతో ‘ఫ్రమ్’ వస్తుంది. ఎవరికి అన్నది వస్తువు పేరు తర్వాత చెబితే లెండ్‌తో ‘టు’ వస్తుంది, ‘లెండ్ మీ’లా ముందే చెబితే అక్కర్లేదు. లెండ్‌కి భూతకాలం ‘లెంట్’.

డబ్బే కానక్కర్లేదు. లైబ్రరీ పుస్తకమైనా, పక్కింటి నిచ్చెనైనా బారోనే. కాకపోతే పట్టుకెళ్లి తిరిగిచ్చేదై ఉండాలి. ఎవరింట్లోనైనా బాత్రూమ్ వాడుకోవాలంటే ‘యూజ్’ అనండి, ‘బారో’ కాదు.

బ్యాంకు కాగితాల మీద మాత్రం మరీ జాగ్రత్త. బారోయర్ అంటే లోన్ తీసుకునే మనిషి, లెండర్ అంటే బ్యాంకు. మీ పేరు ‘కో-బారోయర్’ అని రాసి ఉంటే, డబ్బు ముట్టుకోకపోయినా ఆ అప్పు మీరు కూడా తీసుకున్నట్టే. సంతకం పెట్టేముందు ఆ ఒక్క మాట చదవండి.