నాన్న పెట్టిన డాగ్ ట్రైనింగ్ స్కూల్లో అన్నయ్యకు సగం ఇవ్వాలా?

ప్రశ్న: మా నాన్నగారు పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యారు. అప్పుడొచ్చిన డబ్బుతో వరంగల్ శివార్లలో స్థలం కొని 2014లో చిన్న డాగ్ ట్రైనింగ్ స్కూలు పెట్టారు. మొదటి రోజు నుంచీ నేను ఆయనతోనే ఉన్నాను. పెళ్లయ్యాక నా భార్య కూడా కుక్కల తిండి, మందులు, ఫీజుల లెక్కలు చూసుకుంటోంది. ఆరు నెలల క్రితం నాన్న గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే అన్నయ్య "స్థలం నాన్నది, స్కూలూ నాన్నదే, నా సగం నాకివ్వు, లేకపోతే అమ్మేద్దాం" అంటున్నాడు. అమ్మ మా దగ్గరే ఉంటోంది. చెల్లెలికి పెళ్లయింది. ఇన్నేళ్లూ మేం పడ్డ కష్టానికి చట్టంలో విలువే లేదా?

జవాబు: ఉంది. కాకపోతే ఆ విలువ స్థలంలో దొరకదు, స్కూల్లో దొరుకుతుంది. మీ ఇంట్లో అందరూ ఆ రెండింటినీ కలిపి మాట్లాడుతున్నారు, గొడవంతా అక్కడే వస్తోంది.

ముందు స్థలం సంగతి. రిటైర్మెంట్ డబ్బుతో కొన్నారు కాబట్టి అది నాన్నగారి స్వార్జితం. మీరు హిందువులనే అనుకుని చెబుతున్నాను. వీలునామా లేకుండా పోయారు కనుక హిందూ వారసత్వ చట్టం, 1956 సెక్షన్ 8 ప్రకారం మొదటి తరగతి వారసులందరికీ సమానంగా వస్తుంది. అంటే అమ్మ, అన్నయ్య, మీరు, చెల్లెలు, తలా నాలుగోవంతు. మీ నాయనమ్మ బతికి ఉంటే ఆవిడా ఈ వరసలోనే ఉంటారు, అప్పుడు ఐదు వాటాలవుతాయి. కాబట్టి అన్నయ్య అడిగే సగం ఏ లెక్కలోనూ రాదు. చెల్లెలికి పెళ్లయిందని మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ, పెళ్లితో ఆమె హక్కు పోదు. కట్నం ఇచ్చాం కదా అన్న వాదన కోర్టులో నిలవదు. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను: ఆమెను పక్కన పెట్టి అన్నదమ్ములిద్దరే రాసుకునే ఏ కాగితమూ ఆమె వాటాను తాకలేదు.

మీరు అక్కడే ఉంటూ స్కూలు నడిపారు కదా అని స్థలంలో మీకు ఎక్కువ వాటా రాదు. ఉమ్మడి ఆస్తి ఒక్కరి స్వాధీనంలో ఉన్నా అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. అలాగని అన్నయ్య వచ్చి గేటుకు తాళం వేసి మిమ్మల్ని వెళ్లగొట్టలేడు, మీరూ సహ యజమానే. మీ సంతకం లేకుండా మొత్తం స్థలం అమ్మనూ లేడు. కావాలంటే పార్టిషన్ సూట్ (ఆస్తి పంచమని కోరే దావా) వేసుకోవాలి.

ఇక స్కూలు. ఇది నాన్నగారి సొంత వ్యాపారమా, మీరిద్దరూ కలిసి నడిపిన పార్ట్‌నర్‌షిప్పా అన్నదే అసలు ప్రశ్న. రాతపూర్వక డీడ్ లేకపోయినా పార్ట్‌నర్‌షిప్ ఉండొచ్చు. భారత భాగస్వామ్య చట్టం, 1932 సెక్షన్ 6 ప్రకారం కోర్టు కాగితాన్ని ఒక్కదాన్నే చూడదు, మనుషుల మధ్య నిజంగా ఏ సంబంధం నడిచిందో చూస్తుంది. ఇక్కడే మీ ఫీజు రిజిస్టరు పనికొస్తుంది. కుక్క పేరు, ఓనరు పేరు, చేరిన తేదీ, టీకాల కార్డు చూశారా లేదా, అడ్వాన్సు ఎంత, ఇవన్నీ మొదట్లో నాన్నగారి చేతిరాతలో ఉండి, తర్వాత మీ భార్య చేతిరాతలోకి మారి ఉంటాయి. ఎవరి డబ్బుతో కెన్నెల్స్ (కుక్కలను ఉంచే గదులు) కట్టారు, షెడ్డు మీద రేకులు ఎవరు కొన్నారు, నెలాఖరున మిగిలింది ఎలా పంచుకున్నారు, పంచుకోకుండా ఇంటి ఖర్చులకే వాడేశారా, ఓనర్లు ఎవరికి ఫోన్ చేసేవారు, ఇవన్నీ సాక్ష్యాలే.

కానీ అవతలి పక్షం వాదన కూడా వినండి. లాభంలో డబ్బు తీసుకున్నంత మాత్రాన భాగస్వామి అయిపోరని అదే సెక్షన్ చెబుతోంది. నాన్నగారు ఈ ఆదాయాన్ని తన సొంత వ్యాపారంగా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల్లో చూపించి ఉంటే, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఆయన ఒక్కరి పేరునే ఉంటే, అది మీకు గట్టి ఎదురుదెబ్బ. అప్పుడు మీరిద్దరూ చేసింది కుటుంబానికి చేసిన సాయం అనే అవకాశం ఎక్కువ. ఏళ్ల తరబడి తెల్లవారకముందే లేచి కెన్నెల్స్ కడిగిన కోడలి శ్రమ ఏ కాగితం మీదా లేకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. కుటుంబ వ్యాపారాల కేసుల్లో ఎక్కువగా నష్టపోయేది వాళ్లే. ఇకనైనా ఆమె పేరు కాగితం మీదికి రావాలి.

తేడా ఏమిటంటే, నాన్నగారి సొంత వ్యాపారమని తేలితే ఆయన పోయిన రోజుకు ఉన్న సామాను, ఖాతాలో డబ్బు, రావాల్సిన ఫీజులు నలుగురికీ వస్తాయి. పార్ట్‌నర్‌షిప్ అని తేలితే ఆయన వాటా ఒక్కటే నలుగురికి వస్తుంది, మీ వాటా మీదే. ఇద్దరే భాగస్వాములైతే ఒకరి మరణంతో ఫర్మ్ రద్దయిపోతుంది. ఆ లెక్కలు తేల్చకుండా మీరు ఆ ఫర్మ్ ఆస్తితోనే వ్యాపారం కొనసాగిస్తే, ఆయన వారసులు భాగస్వామ్య చట్టం సెక్షన్ 37 కింద ఆ వాటాకు తగిన లాభం గానీ, ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ, ఏది కావాలంటే అది కోరుకోవచ్చు. అందుకని లెక్కలు తేల్చడం ఎంత ఆలస్యమైతే మీకే అంత భారం. ఆయన పోయాక మీ చేతుల మీదుగా జరిగిన ట్రైనింగ్‌కు వచ్చిన ఫీజు మీ పని ఫలితం. అన్నయ్య అందులో సగం అడగలేడు, పైన చెప్పిన సెక్షన్ 37 లెక్క కాక, స్థలం వాడుకున్నందుకు తన వాటా మేరకు లెక్క చెప్పమని మాత్రం అడగగలడు.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. గేటు దగ్గర అంటించిన క్యూఆర్ కోడ్ ఇంకా నాన్నగారి ఖాతాదే అయితే తీసేయండి. ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీస్తుంటే వెంటనే ఆపేయండి. రేపు అన్నయ్య లాయరు మొదట పట్టుకునేది అదే. మరణ ధ్రువపత్రం ఇచ్చి బ్యాంకుకు చెప్పండి. ఖాతాకు అమ్మ నామినీ అయినా డబ్బంతా ఆవిడ సొంతం కాదు, వారసులందరి తరఫునా ఆవిడ తీసుకుంటారు, అంతే.

కోర్సు మధ్యలో ఉన్న కుక్కల సంగతి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. ఓనరు డబ్బు కట్టింది నాన్నగారి చేతి పనితనాన్ని నమ్మి. ఆయనే స్వయంగా చేయాల్సిన పనిగా ఒప్పుకుని ఉంటే ఆ ఒప్పందం ఆయనతోనే ముగుస్తుంది. ఒక్కో ఓనరుకూ మెసేజ్ పెట్టి, మీ దగ్గర కొనసాగిస్తారా, మిగిలిన ఫీజు వెనక్కి కావాలా అని అడిగి, జవాబు దాచిపెట్టుకోండి. మీ కెన్నెల్‌లో ఉన్నంతకాలం ఆ కుక్క బాధ్యత మీదే. సరిగా పట్టుకోక ఎవరినైనా కరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

నా సలహా రాజీయే. మీ చేతిలో మంచి హక్కు ఒకటుంది. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 22 ప్రకారం, వీలునామా లేకుండా పోయినవారి స్థిరాస్తిలో గానీ వ్యాపారంలో గానీ ఒక వారసుడు తన వాటా అమ్మాలనుకుంటే మిగతా వారసులకు ముందుగా కొనుక్కునే హక్కు ఉంటుంది. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. అన్నయ్య అమ్మేద్దాం అంటే మీరు భయపడక్కర్లేదు, ఆ వాటా నేనే కొంటాననండి. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే స్థలాన్ని ఉమ్మడిగానే ఉంచి, స్కూలు మీదని అందరూ ఒప్పుకుని, మిగతా ముగ్గురికీ నెలనెలా అద్దె కట్టేలా లీజు రాసుకోండి. ఏడాది దాటే లీజు రిజిస్టర్ చేయించాలి. అమ్మ, చెల్లెలు తమ వాటాలు మీకు వదిలేస్తామన్నా నోటిమాట చాలదు, రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ కావాలి, అదీ వాళ్లు ఇష్టపడి ఇస్తేనే. అమ్మ వాటా అమ్మ దగ్గరే ఉండటం మంచిదని నా అభిప్రాయం.

నలుగురూ కూర్చుని తేల్చుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, అక్కడ కుదిరిన అవార్డుకు (రాజీ తీర్పుకు) సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అమ్మకు, చెల్లెలికి, మీ భార్యకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

అప్పటిదాకా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "స్కూలు పూర్తిగా నాదే" అని గానీ, కోపంలో "సరే, సగం తీసుకో" అని గానీ రాయకండి, రేపు దాన్ని మీ ఒప్పుకోలుగా కోర్టులో పెడతారు. రిజిస్టర్లు, నాన్నగారి ఐటీ రిటర్నులు, కెన్నెల్స్ కట్టినప్పటి బిల్లులు, మీ ఇద్దరి బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక ఫైల్లో పెట్టుకుని దగ్గర్లోని సివిల్ లాయర్‌కు చూపించండి. అన్నయ్య నుంచి లాయరు నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపొద్దు, తీసుకుని గడువులోగా జవాబు ఇప్పించండి.