స్టాక్‌హోమ్ టికెట్ సరే, ఆ పేపర్ దేని మీదండీ?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. నవంబర్ చివర్లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగే ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌కి తన రీసెర్చ్ పేపర్ సెలెక్టయింది. ఫీజు, ఫ్లైటు, హోటలు కలిపి రెండున్నర లక్షలు అవుతుందట. మా బావమరిది కొడుకు ఇలాగే యూరప్ వెళ్లొచ్చాడు, ఇప్పుడు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. పంపితే సీటుకు ఉపయోగమా? లేక ఆ డబ్బు జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కి పెట్టమంటారా? ఒక్కతే వెళ్లాలి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇలాంటి ఉత్తరాల్లో ఊరి పేరు ఒకసారి ఓస్లో అవుతుంది, ఇంకోసారి కోపెన్‌హాగెన్ అవుతుంది. అడిగేది మాత్రం ఒకటే: పంపకపోతే మా పిల్ల వెనకబడిపోతుందా? వెనకబడదు. ముందు ఆ బెంగ తీసి పక్కన పెట్టండి. నా దగ్గరికొచ్చి ఎమ్మెస్ సీటు తెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఏ కాన్ఫరెన్స్ గడపా తొక్కలేదు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఖర్చెంతో రాశారు, బావమరిది కొడుకు ఎక్కడున్నాడో రాశారు. అమ్మాయి పేపర్ దేని గురించో ఒక్క ముక్క లేదు. తెలియదా? తెలియకుండానే రెండున్నర లక్షలకు సిద్ధపడ్డారా? ఈ రాత్రే కూర్చోబెట్టి అడగండి. ఏ సమస్య తీసుకుంది, డేటా ఎక్కడిది, ఫలితం ఏమొచ్చింది? మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ పని తనది. తడబడి ‘సార్ రాశారు, నా పేరు కూడా పెట్టారు’ అంటే మీకు జవాబు దొరికినట్టే. అప్పుడు తనను తిట్టకండి. నలుగురూ చేస్తున్నదే తనూ చేసింది.

ఈ పేపర్ల మోజు మీద నాకు చాలాకాలంగా అనుమానం ఉంది. ‘ప్రొఫైల్ బిల్డింగ్’ పేరుతో పేపర్, సర్టిఫికెట్, విదేశీ కాన్ఫరెన్స్ అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మేవాళ్లు తయారయ్యారు. వాళ్లు చూపించే కాన్ఫరెన్సులు ఎలా ఉంటాయంటే, పేపర్ పంపిన రెండో రోజుకే ‘కంగ్రాట్యులేషన్స్’ మెయిల్ వస్తుంది. తప్పొప్పులు చెబుతూ రివ్యూయర్, అంటే పేపర్‌ను పరిశీలించే నిపుణుడు, రాసిన వాక్యం ఒక్కటీ ఉండదు. మెకానికల్, నర్సింగ్, ఎంబీఏ, ఏఐ అన్నీ ఒకే రోజు, ఒకే హోటల్ హాల్లో. నిర్వాహకులు ఆ నెలలోనే ఇంకో నాలుగు నగరాల్లో అదే పేరుతో సభ పెట్టి ఉంటారు. పెళ్లిలో రిటర్న్ గిఫ్టుల్లా బెస్ట్ పేపర్ అవార్డులు అందరికీ పంచుతారు. అడ్మిషన్ కమిటీలో కూర్చునే ప్రొఫెసర్లకు తమ రంగంలో పేరున్న సభలేవో తెలుసు. ఇలాంటిది రెజ్యూమేలో కనిపిస్తే మెచ్చుకోవడం అటుంచి, మిగతావాటినీ అనుమానంగా చూసే ప్రమాదం ఉంది.

అసలైనదీ స్టాక్‌హోమ్‌లోనే జరిగింది. మెషీన్ లెర్నింగ్‌లో పెద్ద సభ అయిన ఐసీఎంఎల్‌ను 2018 జులైలో అక్కడే పెట్టారు. వచ్చిన పేపర్లలో దాదాపు నాలుగో వంతుకే చోటు దక్కింది. మీ అమ్మాయిది అంత పెద్దది కానక్కర్లేదు, చిన్న వర్క్‌షాప్ అయినా మంచిదే. కానీ రివ్యూలు ఉండాలి, గత సంవత్సరాల పేపర్లు ఎవరైనా తెరిచి చదివేలా దొరకాలి. ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐట్రిపుల్ఈ పేరు వాడుకుంటే ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని కాన్ఫరెన్సుల జాబితాలో వెతకండి. కాన్ఫరెన్స్ కమిటీలో పేర్లున్న ప్రొఫెసర్లలో ఒకరికి, వాళ్ల యూనివర్సిటీ అడ్రస్‌కే, అమ్మాయి చేత మెయిల్ రాయించండి. తన పేరు అందులో ఉందని ఆ మనిషికే తెలియని సందర్భాలుంటాయి.

ఆ కాన్ఫరెన్స్ ఈ పరీక్షలో నెగ్గితే పంపండి, సంతోషంగా పంపండి. కానీ సీటు కోసం అనుకోకండి. స్వీడన్‌లో మాస్టర్స్‌కైనా సరే, దరఖాస్తు జనవరి మధ్యకల్లా ఒకే వెబ్‌సైట్‌లో పెట్టుకోవడమే, వెళ్లి మొహం చూపించే పని లేదు. మనలాంటి యూరప్ బయటివాళ్లకు 2011 నుంచి అక్కడ ఫీజులూ ఉన్నాయి. పీహెచ్‌డీ సంగతి వేరు. ఫీజు ఉండదు, సాధారణంగా జీతమిచ్చే ఉద్యోగంలా ఉంటుంది. అమ్మాయికి నిజంగా రీసెర్చ్ మీద మనసుంటే, కాఫీ విరామంలో ఒక ప్రొఫెసర్ తన పోస్టర్ ముందు ఆగి అడిగే పది ప్రశ్నలకు విలువుంది. దానికి రెండున్నర లక్షలు పెట్టాలా అంటారా? ముందు నిర్వాహకులను స్టూడెంట్ ఫీజు ఉందా, వాలంటీర్‌గా పనిచేస్తే మినహాయింపు ఉందా, ట్రావెల్ గ్రాంట్ ఇస్తారా అని అడగమనండి. కాలేజీనీ అడగాలి. పేపర్ మీద తమ పేరు వేసుకునే కాలేజీ కొంత భరించడం న్యాయం.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్, మీ ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, కాలేజీ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్ఓసీ) కావాలి. స్వీడన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఈ షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు, తిరస్కరిస్తే వెనక్కి రాదు. పైగా రేపు యూకే వీసా ఫారమ్ నింపేటప్పుడు ఆ తిరస్కరణ సంగతి చెప్పాల్సి వస్తుంది. దొంగ కాన్ఫరెన్స్ ఆహ్వానంతో వెళ్లడంలో ఆ చిక్కూ ఉంది.

‘ఒక్కతే వెళ్లాలి’ అని చివర్న రాశారు. నిజానికి మీ ఉత్తరం అక్కడే మొదలైందని నాకు అనిపించింది. భయం సహజమే. ఆర్లాండా విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్ల దూరం, అయినా రైలెక్కితే నేరుగా సెంట్రల్ స్టేషన్‌లో దిగుతుంది. ఇంగ్లీషుతో ఏ ఇబ్బందీ లేదు. నోట్లు తీసుకోని కొట్లు చాలా ఉంటాయి కాబట్టి విదేశాల్లో పనిచేసే కార్డులు రెండు ఇవ్వండి. ఆపదలో నంబరు 112. నవంబర్ చివర్లో అక్కడ మధ్యాహ్నం మూడింటికే పొద్దు గూకుతుంది. వీడియో కాల్‌లో చీకటి చూసి మీరు కంగారుపడకండి. హోటల్ సభ జరిగే చోటికి నడిచే దూరంలో చూసుకోమనండి, పేపర్‌కు గైడ్‌గా ఉన్న లెక్చరర్ కూడా వస్తున్నారేమో కనుక్కోండి.

కోచింగ్ గురించి అడిగారు కదా. జీఆర్ఈ ఇప్పుడు చాలా యూనివర్సిటీలు అడగడమే లేదు, ముందు తనకు కావలసినవి ఏమడుగుతున్నాయో చూడండి. ఐఈఎల్‌టీఎస్ అంటారా, ఆ పేపర్ తనే ఇంగ్లీషులో రాసి ఉంటే దానికి కోచింగ్ ఎందుకండీ?