హాల్లో రికార్డు చేసింది పడగ్గదిలో చూడాలంటే

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం చదివాను. హాల్లో బాక్స్‌ రికార్డు చేసినవి పడగ్గదిలోనూ పై గదిలోనూ చూడాలి, ఏం కొనమంటావు అత్తా అని అడిగావు. కొనడం సంగతి తర్వాత. ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెయ్. ఇప్పుడున్న సెట్‌టాప్ బాక్స్‌లో రికార్డింగులున్న పెన్‌డ్రైవ్ తీసి నీ ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడు. చాలా బాక్సుల విషయంలో అయితే ఫైళ్ళు కనిపిస్తాయి గానీ ఆడవు, లేదంటే ‘ఈ డిస్కుని ఫార్మాట్ చేయాలి’ అని కంప్యూటర్ అడుగుతుంది. అడిగితే పొరపాటున కూడా సరే అనకు. నేను అన్నాను. రెండు నెలల రికార్డింగులు ఒక్క క్లిక్కుతో పోయాయి, ఆ వారమంతా ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఎందుకిలా అంటే, డబ్బు కట్టే ఛానెళ్ళని బాక్స్ తాళం వేసి దాస్తుంది. ఆ తాళంచెవి ఆ బాక్స్‌లోనే ఉంటుంది. అదే మోడల్ బాక్స్ ఇంకోటి తెచ్చి పెట్టినా సాధారణంగా తెరుచుకోదు. బాక్స్ పాడై కొత్తది ఇచ్చారంటే పాత రికార్డింగులు అంతే సంగతులు. క్యాసెట్ల కాలంలో ఈ గొడవే లేదు, టేపు తీసి పక్క గదికి పట్టుకెళ్తే సరిపోయేది. 1999లో టీవో, రీప్లేటీవీ లాంటి డిస్కు రికార్డర్లు వచ్చి రికార్డింగు డిస్కు మీదికి ఎక్కాక అది పెట్టెకి అతుక్కుపోయింది.

అందుకని నీ ముందు రెండు దారులున్నాయి. డబ్బు కట్టే ఛానెళ్ళే ఎక్కువగా రికార్డు చేస్తావా, మీ ఆపరేటర్ మల్టీ రూమ్ ఇస్తాడేమో అడుగు. హాల్లో డిస్కు ఉన్న పెద్ద బాక్స్, మిగతా గదుల్లో దాని దగ్గర్నుంచి తెచ్చుకునే చిన్న బాక్సులు. నెలనెలా అదనంగా కడతావు, ఆపరేటర్ని మారిస్తే రికార్డింగులన్నీ వదిలేస్తావు, కానీ తలనొప్పి తక్కువ. అలాకాక నువ్వు చూసేవి ఎక్కువగా యాంటెనాతో ఉచితంగా వచ్చే ఛానెళ్ళే అయితే సొంత ఏర్పాటు చేసుకో. ఏది నీకు సరిపోతుందో తెలియాలంటే వారం రోజులు ఏం రికార్డు చేశావో, అందులో నిజంగా ఏం చూశావో కాగితం మీద రాసుకో. నేను రాస్తే సగం అసలు చూడనివే తేలాయి.

మధ్యలో ఎవరైనా హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెట్టుకో అంటే వినకు. ఒకే బాక్స్ బొమ్మని రెండు టీవీలకి పంచుతుంది, అంతే. నువ్వు ఇక్కడ ఛానెల్ మారిస్తే అక్కడా మారుతుంది. రెండు రోజుల్లో ఇంట్లో యుద్ధమే.

సొంత ఏర్పాటు అంటే మూడు వస్తువులు. సిగ్నల్ పట్టే ట్యూనర్, రికార్డింగులు దాచే కంప్యూటర్, గదుల్లో చూపించే యాప్. హెచ్‌డీహోమ్‌రన్ లాంటి ట్యూనర్ పెట్టెకి ఒకవైపు యాంటెనా వైరు, ఇంకోవైపు లాన్ కేబుల్ పెడితే ఇంట్లో ఎక్కడినుంచైనా ఛానెళ్ళు అందుతాయి. కొనేముందు మీ దేశంలో ప్రసారాలు ఏ పద్ధతిలో వస్తాయో చూసి దానికి తగ్గ మోడలే తీసుకో. రికార్డు చేయడానికి కంప్యూటర్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్లు జెల్లీఫిన్, ప్లెక్స్, టీవీహెడెండ్ ఉన్నాయి. జెల్లీఫిన్ పూర్తిగా ఉచితం, కానీ కార్యక్రమాల గైడ్ నువ్వే తెచ్చి ఇవ్వాలి. ప్లెక్స్ గైడ్ తనే ఇస్తుంది, రికార్డు చేయాలంటే మాత్రం ప్లెక్స్ పాస్ అనే చందా కట్టాలి. టీవీహెడెండ్ సిగ్నల్‌తో పాటు వచ్చే గైడ్‌నే చదువుకుంటుంది. సెట్టింగులు చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి.

ట్యూనర్ల లెక్క దగ్గర పిసినారితనం వద్దు. ఒక్కో ట్యూనర్ ఒకసారికి ఒక ఛానెల్‌నే పడుతుంది, ఒకే పెట్టెలో రెండు మూడు ట్యూనర్లు ఉండొచ్చు. కార్యక్రమాలు చెప్పిన టైముకి మొదలవ్వవు, చెప్పిన టైముకి అయిపోవు. అందుకని ముందు రెండు నిమిషాలు, వెనక పది నిమిషాలు అదనంగా పెట్టుకుంటాం. మ్యాచ్‌ అయితే నేను గంట పెడతాను. ఇప్పుడు ఎనిమిదింటికి ఒక ఛానెల్లో, తొమ్మిదింటికి వేరే ఛానెల్లో చెరో కార్యక్రమం ఉందనుకో. ఆ అదనపు నిమిషాలు ఒకదాని మీద ఒకటి పడి రెండు ట్యూనర్లు పనిలో ఉంటాయి. అదే సమయంలో పై గదిలో ఎవరో మూడో ఛానెల్ లైవ్ చూడాలంటే మూడోది కావాలి. నా మాట విని నాలుగు ట్యూనర్లున్న పెట్టె తీసుకో.

ఇక వైర్ల సంగతి. నేను అన్నిటికంటే ఎక్కువ టైమూ ఓపికా పోగొట్టుకున్నది ఇక్కడే. హెచ్‌డీ ఛానెల్ ఒకటి సెకనుకి 8 మెగాబిట్లు అనుకో. మన వైఫై వందల మెగాబిట్లు అని డబ్బా మీద రాసుంటుంది కదా, ఇంక టెన్షన్ ఏముంది అనుకున్నాను. రికార్డింగ్ కంప్యూటర్ని వైఫైలో పెట్టాను, పడగ్గది టీవీ కూడా వైఫైలోనే. పావుగంట బాగానే ఆడింది. తర్వాత బొమ్మ ఆగింది, గుండ్రంగా తిరిగే చక్రం వచ్చింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ ఆగింది. మూడు రోజులు రౌటర్‌నీ యాప్‌నీ తిట్టుకుంటూ కూర్చున్నాను. నాలుగో రోజు వంటింట్లో మైక్రోవేవ్ ‘టింగ్’ అనగానే బొమ్మ కదిలింది! మైక్రోవేవ్ ఓవెన్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఇంచుమించు ఒకే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయి. దానికి తోడు, రెండు చివరలూ వైఫైలో ఉంటే అదే డేటా కంప్యూటర్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి ఇంకోసారి గాల్లో ప్రయాణం చేస్తుంది.

కాబట్టి ఒక్కటి మాత్రం నా కోసం చెయ్. ట్యూనర్‌నీ రికార్డింగ్ కంప్యూటర్‌నీ రౌటర్ పక్కనే పెట్టి లాన్ కేబుల్‌తో కలుపు. టీవీలకి కూడా కేబుల్ వేయగలిగితే చాలా మంచిది, వేయలేని గదికి 5 గిగాహెర్ట్జ్ వైఫై ఇవ్వు. క్యాట్ 6 రకం లాన్ కేబుల్ వంద మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పోతుంది, ఇంటికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకు. ఒకటి లాగేచోట రెండు లాగు. గోడల్లో ఇప్పటికే పాత టీవీ కేబుల్ ఉంటే మోకా అడాప్టర్లు పెట్టి దాని మీదే నెట్‌వర్క్ నడిపించవచ్చు. కానీ డిష్ నుంచి వచ్చే వైరు మీద వద్దు, రెండిటి ఫ్రీక్వెన్సీలూ కొట్టుకుంటాయి.

డిస్కు లెక్క సులువు. 8 మెగాబిట్ల ఛానెల్ గంటకి 3.6 జీబీ తింటుంది, 1 టీబీలో 270 గంటలకి పైగా పడుతుంది. సీసీ కెమెరా రికార్డర్లలో వాడే రకం డిస్కు తీసుకో, అది రోజంతా రాస్తూ ఉండటానికే తయారుచేసింది. కంప్యూటర్ దానంతటది నిద్రపోకుండా సెట్టింగ్ మార్చు. రికార్డింగ్ టైముకి నిద్రపోతూ ఉండే కంప్యూటర్ ఎందుకూ కొరగాదు.

రికార్డింగు ఫైలుని ప్రసారం వచ్చిన రూపంలోనే, అంటే టీఎస్ రూపంలోనే ఉండనివ్వు. స్థలం కలిసొస్తుందని వెంటనే ఎంపీ4లోకి మార్చాలని తొందరపడకు. టీఎస్ ఫైలుని రికార్డు అవుతుండగానే పక్క గదిలో మొదటినుంచి చూడవచ్చు, మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది దక్కుతుంది. మామూలు ఎంపీ4 చివర్లో సూచిక రాసుకుంటే గానీ తెరుచుకోదు.

ఆడించి చూసేటప్పుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పేజీలో ‘డైరెక్ట్ ప్లే’ అని ఉందో లేదో గమనించు. ‘ట్రాన్స్‌కోడ్’ అని ఉంటే ఆ గది టీవీకి ఆ ఫార్మాట్ తెలియదని, కంప్యూటర్ అప్పటికప్పుడు మారుస్తోందని అర్థం. ఒక గదికైతే నెట్టుకొస్తుంది, మూడు గదులకి చిన్న కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. అలాంటి టీవీకి ఒక మంచి స్ట్రీమింగ్ పెట్టె పెడితే సరి. మ్యాచ్‌లో ఆటగాడు పరుగెత్తినప్పుడు అంచులు దువ్వెన పళ్ళలా చీలితే యాప్‌లో డీఇంటర్లేస్ ఆన్ చెయ్.

ఇంకోటి, ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే లాగిన్ పెట్టు. అప్పుడు హాల్లో ఆపిన చోటినుంచే పడగ్గదిలో మొదలవుతుంది, ఒకరు చూసేశారని ఇంకొకరికి ‘చూసింది’ అని పడదు. డిలీట్ చేసే హక్కు నీ ఒక్కడి దగ్గరే ఉంచుకో. మీ మామయ్య సగం చూసి దాచుకున్న ఫైనల్ మ్యాచ్‌ని పిల్లలు ఖాళీ కావాలని తీసేశారు. స్కోరు చెప్తే చాలదా అని వాళ్ళే ఎదురు అడిగారు.

పై గదికి కేబుల్ లాగే రోజు ముందే చెప్పు, వస్తాను. పైపులో వైరు తోసేవాళ్ళొకరు, అవతల పట్టుకుని లాగేవాళ్ళొకరు ఉండాలి. నిచ్చెన మాత్రం నువ్వే ఎక్కు.

మీ అత్తయ్య