‘మందలించడం’ అంటే తిట్టడమేనా?

కాదు. తిట్టులో పరుషమైన మాట ఉంటుంది. మందలింపులో తప్పు ఎత్తిచూపి, మళ్లీ చేయొద్దని గట్టిగా చెప్పడమే ఉంటుంది. పెద్దవాళ్లు చిన్నవాళ్లను, అధికారి కిందివాళ్లను మందలిస్తారు. మనవడు తాతను మందలించాడని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. కారణానికి ‘-నందుకు’ చేర్చవచ్చు: ‘ఆలస్యంగా వచ్చినందుకు కొడుకును మందలించాడు.’

అయితే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జాగ్రత్త. అక్కడ ‘మందలిచ్చుడు’ అంటే పలకరించడం, బాగోగులు అడగడం. ‘దవాఖానల ఉన్న మామను మందలిచ్చి వచ్చిన’ అంటే పరామర్శించి వచ్చానని, కోప్పడి కాదు. ‘ఎదురుపడ్డా మందలియ్యలే’ అన్నది నిష్ఠూరం. ఎంత ఆప్యాయమైన వాడుకో! పత్రికల తెలుగు మాత్రమే తెలిసినవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. అక్కడ మందలింపుకు వాడే మాట ‘కోపం జేసుడు’: ‘బడికి పోలేదని నాయిన కోపం జేసిండు.’