టెక్ సందేహాలు: పిట్ట సరే, ఎక్కడ కనిపించింది?

ప్రశ్న: భద్రకాళి చెరువు గట్టున ఫోన్‌తో పిట్టల ఫొటోలు తీస్తుంటాను. వాటిని వాట్సాప్‌లో నాకే పంపుకొని, కంప్యూటర్ నుంచి, పిట్టలు, మొక్కల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెడితే తేదీ, స్థలం ఖాళీగా వస్తున్నాయి. ఎందుకు?
– హనుమకొండ పాఠకుడు

జవాబు: సమస్య వాట్సాప్‌తోనే. ఫోన్ కెమెరా ప్రతి ఫొటోలోనూ తేదీ, టైమ్ నమోదు చేస్తుంది. సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే అక్షాంశ, రేఖాంశాలు కూడా చేరతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపగానే ఇవన్నీ పోతాయి. 'డాక్యుమెంట్'గా పంపుకోండి, లేదా కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి. అసలు కంప్యూటర్ దాకా ఎందుకు, ఫోన్‌లోని యాప్ నుంచే పెట్టేయొచ్చు.

ఒరిజినల్ ఫొటో డిలీట్ అయిపోయిందా? మ్యాప్‌లో మీరే పిన్ పెట్టండి. సరిగ్గా గుర్తు లేకపోతే చెరువు మొత్తం వచ్చేలా పిన్ చుట్టూ ఉండే వృత్తం పెద్దది చేయండి. తేదీ మాత్రం ఊహించి వేయొద్దు. పాలపిట్ట పేరు ఎవరైనా చెప్తారు. ఏ రోజు, ఎక్కడ కనిపించిందో మీరే చెప్పాలి. ఈ రెండూ లేకపోతే ఆ నమోదుకు 'రీసెర్చ్ గ్రేడ్' (పరిశోధనకు పనికొచ్చే స్థాయి) రాదు. అవి ఉన్నా, కనీసం ఇద్దరు ఒకే పేరు చెప్పాలి. అన్నట్టు, బతుకమ్మ కోసం పెరట్లో వేసిన బంతిని 'కల్టివేటెడ్' (మనుషులు పెంచినది) అని గుర్తు పెట్టండి. గట్టు మీద దానంతటదే మొలిచిన గునుగు, తంగేడులకు అది అక్కర్లేదు.

ప్రశ్న: ఏటూరునాగారం అడవిలో సిగ్నల్ ఉండదు. కూత విని పిట్టను చెప్పే యాప్ ఉందా?
– ములుగు పాఠకురాలు

జవాబు: ఉంది, మెర్లిన్. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం వాళ్లది, ఉచితం. బయలుదేరే ముందే ఇంట్లో వైఫైతో ఇండియా ప్యాక్ దించుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తుంది. అయితే కళ్లతో చూశాకే నమ్మండి. తోక చివర రెండు తీగలు వేలాడే నల్లటి రాకెట్ టెయిల్డ్ డ్రోంగో ఇతర పిట్టల కూతలను అనుకరిస్తుంది. అది కూస్తే యాప్ వేరే పిట్ట పేరు చెప్పొచ్చు.

ప్రశ్న: ఆసిఫాబాద్ వైపు గుడ్లగూబ గూడు కనిపించింది. ఫొటో పెడితే ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని టెన్షన్.

జవాబు: మీ భయం సబబే. ఐనాచురలిస్ట్‌లో పెట్టేటప్పుడు, చోటును దాచే 'జియోప్రైవసీ' సెట్టింగ్‌లో 'అబ్‌స్క్యూర్డ్' ఎంచుకోండి. అప్పుడు అసలు చోటు బదులు 0.2 డిగ్రీల గడి, అంటే సుమారు 20 కిలోమీటర్ల ప్రాంతం మాత్రమే ఇతరులకు కనిపిస్తుంది. పైన చెప్పిన 'డాక్యుమెంట్' చిట్కా మాత్రం ఇక్కడ వాడకండి. గ్రూపులో అలా పంపితే గూడు అడ్రస్ మీరే అందరికీ ఇచ్చినట్టు! నన్నడిగితే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి పెట్టడమే మేలు.

ప్రశ్న: ఇంట్లోకి వచ్చిన పాము విషపుదో కాదో, ఫొటో చూసి జీవులను గుర్తించే సీక్ యాప్‌తో తేల్చుకోవచ్చా?

జవాబు: వద్దు. కట్లపామును, విషం లేని వుల్ఫ్ స్నేక్‌ను మనుషులే తికమకపడుతుంటారు. దూరంగా ఉండి పాములు పట్టేవారిని పిలవండి. కాటు పడితే ఫొటో కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.