మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ ఏది కొనాలి? బాడీ గురించి కాదు, లెన్స్ గురించి ఆలోచించు

తమ్ముడూ, హనుమకొండలో డిగ్రీ చదువుతున్నానని, చేతిలో నలభై వేలున్నాయని, బతుకమ్మ లోపు కెమెరా కొనాలని రాశావు. కెనాన్ 1500డీ కొనాలా, నికాన్ డీ3500 కొనాలా అని అడిగావు. బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, ఏదైనా పర్వాలేదు. రెండూ 2018లో వచ్చినవే, రెండింటిలోనూ ఇరవై నాలుగు మెగాపిక్సెల్ సెన్సారే. సెకండ్ హ్యాండ్‌లో ఏది మంచిగా వాడినది దొరికితే అది తీసుకో. మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, వీడియోల్లో కెమెరాలను పోల్చి చూపించేవాళ్లు పట్టపగలు పార్కులో తీసిన ఫొటోలే చూపిస్తారు. పగటి ఎండలో ఏ కెమెరా అయినా మంచి ఫొటోనే ఇస్తుంది. మన దగ్గర తీయాలనిపించేవన్నీ పొద్దుగూకినాకే జరుగుతాయి. బతుకమ్మ మొదలయ్యేదే సందె వేళకు. మేడారంలో సారలమ్మ గద్దెకు వచ్చేది బుధవారం రాత్రి, సమ్మక్క వచ్చేది గురువారం రాత్రి. రామప్ప లోపల మధ్యాహ్నం కూడా మసక వెలుతురే. ఓరుగల్లు పిల్లగాడికి కెమెరా అంటే ముందు చీకట్లో పనికొచ్చే కెమెరా కావాలి. ఆ పని చేసేది లెన్సే.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర మా బావమరిదితో కలిసి ఫొటోలు తీశాను. అతని దగ్గర అప్పుడే కొన్న కెనాన్ ఉంది, నా దానికి రెండింతల ధర. దానికి పెట్టెలో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది. నాది పాత 1200డీ, 2014 మోడల్, పద్దెనిమిది మెగాపిక్సెళ్లు. దానికి 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పెట్టుకున్నాను. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. పొద్దు పూర్తిగా కుంకింది. గుడి వైపు నుంచి వచ్చే లైట్ల వెలుగు తప్ప ఇంకేమీ లేదు. ఆడవాళ్లు వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. మధ్యలో ఇత్తడి తాంబాలాల మీద తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరుసలు, పైన పసుపు గౌరమ్మ.

అతను తీసినవి స్క్రీన్ మీద పెద్దవి చేసి చూశాం. వెనకాల గుడి స్తంభాలు చక్కగా వచ్చాయి, ముందు చేతులన్నీ గీతల్లా చెరిగిపోయాయి. కిట్ లెన్స్‌ను 55 దగ్గరికి జూమ్ చేస్తే అది ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె, 1600 పెట్టినా షట్టర్ సెకనులో పదో వంతు దాకా తెరిచే ఉంటోంది. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది కదా అంటాడు. అది మన చేతి వణుకును ఆపుతుంది, చప్పట్లు కొట్టే చేతులను ఎట్లా ఆపుతుంది? తర్వాత కెమెరా మీది ఫ్లాష్ తెరిచాడు. మొహాలు తెల్లగా సున్నం కొట్టినట్టు, వెనకాల అంతా నల్లగా, తంగేడు పూల పసుపు వెలిసిపోయి వచ్చింది. ఒకామె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వరుసలోంచి పక్కకు జరిగింది. ఆట మధ్యలో ఉన్నవాళ్ల కళ్లల్లోకి ఫ్లాష్ కొట్టడం నాకు ఎప్పటికీ నచ్చదు. ఫంక్షన్లలో ఫొటోగ్రాఫర్లు ఎల్ఈడీ లైట్లు మొహాల మీదికి తెచ్చి నిలబెడతారు, పెళ్లికూతురు కళ్లు చికిలించుకుంటూనే తలంబ్రాలు పోయాలి. అదొక అలవాటైపోయింది, ఎవరూ అడగరు.

సరే, నా లెన్స్ తీసి అతని కెమెరాకు పెట్టాను, అతని కిట్ లెన్స్ నా దానికి తగిలించాను. వెంటనే తేడా తెలిసిపోయింది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. అంటే అదే చోట, అదే ఐఎస్ఓతో, సెకనులో నూరో వంతులో ఫొటో అయిపోతుంది. చేతులు చేతుల్లాగే వచ్చాయి, వేళ్ల సందుల్లోని పసుపు కూడా కనపడింది. కిట్ లెన్స్ పెట్టిన నా కెమెరా మాత్రం అంతకుముందు అతని కెమెరా ఎట్లా తీసిందో అట్లాగే తీసింది. అంత ఖరీదైన బాడీ చెయ్యలేని పని పదివేల చుట్టుపక్కల దొరికే లెన్స్ చేసింది. ఒక ముసలమ్మ వచ్చి "ఏదీ, చూపియ్ బిడ్డా" అని స్క్రీన్ చూసి, తన మొహం సంగతి వదిలేసి "పూలు మంచిగొచ్చినయ్" అంది. నాకు ఆ మాటే చాలు.

ఇక నీ లిస్టులో ఒక చిక్కుంది, జాగ్రత్త. నికాన్ డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. చౌకగా వస్తోందని పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ లెన్స్ కొంటే ఆటోఫోకస్ పని చేయదు, చేత్తో తిప్పుకోవాలి. నికాన్ తీసుకుంటే పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉన్న లెన్సే తీసుకో. 35 ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ అయితే నీకు సరిగ్గా సరిపోతుంది. కెనాన్‌లో ఈ గొడవ లేదు, 1987లో వచ్చిన తొలి ఈఎఫ్ లెన్సుల నుంచీ మోటార్ లెన్స్‌లోనే ఉంది. అయితే ఈ చిన్న సెన్సార్ల మీద 50 ఎంఎం కాస్త దగ్గరగా చూపిస్తుంది, కెనాన్‌లో అది 80 ఎంఎం లెన్స్ చూపించినంత ఇరుకుగా ఉంటుంది. ఒక్కరి ఫొటోకు బాగుంటుంది, పదిమందిని పట్టాలంటే నువ్వు వెనక్కి నడవాలి.

షాపుకి పోతే కాంబో అంటగడతారు. సంచి, సన్నకాళ్ల స్టాండు, యూవీ ఫిల్టర్, తుడిచే బట్ట. మా ఊళ్లో ఒక షాపాయన నా స్నేహితుడికి ఇవన్నీ కలిపి ఒక లెన్స్ ఖరీదంత బిల్లు వేశాడు. ఆ స్టాండు గాలొస్తే ఊగుతుంది. పైగా పురావస్తు శాఖ చేతిలో ఉన్న గుళ్లలో స్టాండు వేయాలంటే అనుమతి తెచ్చుకోవాలి. మంచి మెమరీ కార్డు ఒకటి, అదనంగా ఒక బ్యాటరీ కొనుక్కో, ఇప్పటికి అవి చాలు.

రామప్పకు తప్పకుండా పో. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడికి పోయాక కెమెరా ఎట్లా ఆలోచిస్తుందో నీకే అర్థమవుతుంది. కెమెరా ఎదురుగా ఏమున్నా నడిమి బూడిద రంగు అనుకునే లెక్క వేస్తుంది. నున్నగా మెరిసే ఆ నల్లరాతి మదనికలను ఫ్రేము నిండా పెట్టి ఆటోలో తీస్తే, చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, నల్లరాయి సిమెంటు రంగులోకి పోతుంది. పైనున్న డయల్‌ను పూర్తి ఆటో నుంచి పీ మోడ్‌కు తిప్పి, ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ నొక్కి మైనస్ ఒకటికి తెచ్చి మళ్లీ తియ్యి. నడుము మడత, మెడలో హారాల పూసలు అప్పుడు తేలుతాయి. ఆ బటన్ అన్నిటికంటే చౌక కెమెరాలో కూడా ఉంటుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి రాశులు తీసినప్పుడు కూడా అంతే, ఎరుపు ఎక్కువైతే కాయల గీతలన్నీ కలిసిపోయి ముద్దలా వస్తుంది. కొంచెం తగ్గించి, రా (RAW) ఫైల్‌లో, అంటే సెన్సార్ పట్టిందంతా దాచే ఫైల్‌లో తీసుకో.

మిర్రర్‌లెస్, అంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండే అద్దం లేని కొత్తరకం కెమెరా, కొనమని చెప్పేవాళ్లు చాలామంది వస్తారు. నిజమే, కంపెనీలు ఇప్పుడు వాటి మీదే పడ్డాయి. కానీ అందరూ అటు పోతున్నందుకే మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు, లెన్సులు తక్కువకు అమ్మకానికి వస్తున్నాయి. చదువుకునే పిల్లగాడికి ఇంతకంటే మంచి కాలం లేదు. ఈఎంఐ మాత్రం పెట్టుకోకు.

సెకండ్ హ్యాండ్ అయితే పగటిపూటే పోయి చూడు. లెన్స్‌లోకి టార్చి కొట్టి అటునుంచి చూడు, సాలెగూడు లాంటి తెల్లని పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తియ్యి. మసక చుక్కలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ముంది, అది తుడిస్తే పోయేదే, బేరానికి పనికొస్తుంది. షట్టర్ ఎన్నిసార్లు పడిందో నికాన్ అయితే ఫొటో ఫైల్‌లోనే రాసి ఉంటుంది, కెనాన్‌లో చాలా మోడళ్లకు అట్లా దొరకదు. గ్రిప్ రబ్బరు అరుగుదల, బటన్ల మీద అక్షరాలు చూసి అంచనా వేయాలి. బతుకమ్మకు కనీసం రెండు వారాల ముందే కొను. సాయంత్రాలు భద్రకాళి చెరువు గట్టు మీదికి పోయి నడిచేవాళ్లను, ఆడుకునే పిల్లలను ఎఫ్/1.8లోనే తీస్తూ ఉండు. అంత తెరిచినప్పుడు ఫోకస్ కంటి మీద పడకుండా చెవి మీద పడుతుంది. నడిమి ఫోకస్ పాయింట్ ఒక్కటే పెట్టుకుని తీస్తే చెయ్యి తొందరగా కుదురుతుంది.